హాజరుకి ముందు నువ్వడిగే మాట

వరలక్ష్మీ,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకులో పనిచేసే కూలీల పిల్లల కోసం నడిచే మన తెలుగు బడిలో, నీ మూడో తరగతి ఇప్పుడు నేనే చూస్తున్నాను.

హాజరు వేసే ముందు నువ్వు ఒక్కొక్కరినీ "ఈవేళ మనసెలాగుంది?" అని అడిగేదానివి. తర్వాత కథల పుస్తకం పైకి చదివేదానివి. నా రెండో తరగతి పిల్లలు కూడా నీ కిటికీ దగ్గర చేరుతుంటే నాకు కుళ్ళుగా ఉండేది. నీ దగ్గర పాఠాలు సాగడం లేదని హెడ్మాస్టరుకి చెప్పింది నేనే. ఆయన అవన్నీ మాన్పించిన రోజు, "ఎవరు చెప్పుంటారే?" అని నువ్వు నన్నే అడిగావు. నీ టిఫిను డబ్బాలోని లూచీ పూరీలు తింటూ "ఏమో" అన్నాను.

అప్పట్లో నీ కిటికీ దగ్గర చేరినవాళ్ళలో ఒకతె, పైడమ్మ, ఈ ఉదయం లెక్కల పుస్తకం తేలేదు. గోడ వైపు తిరిగి నిలబడమన్నాను. కాసేపటికి అటు తిరిగే అంది:

"డాకులో నాన్న కాలు ఇరిగిపోనాది టీచరుగారూ. అమ్మ ఆస్పత్రిలోనే ఉండిపోనాది. పాత టీచరుగారైతే ముందే అడిగేవోరు."

దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అందరినీ వరసగా అడిగాను. బీరువాలోంచి నీ కథల పుస్తకం తీసి చదివాను. "పులి గొంతు అలాగుండదు," అని పిల్లలు నవ్వారు. పైడమ్మ మాత్రం నా కొంగు పట్టుకుని చివరిదాకా వింది.

గంట కొట్టాక అది వెళ్ళబోతూ ఆగింది.

"మరి మీకెలాగుంది, టీచరుగారూ?"

"సిగ్గుగా ఉందమ్మా."

"ఏటి, ఎందుకూ?"

ఆ పిల్లకి చెప్పలేకపోయాను. నిరుడు ఆస్పత్రిలో నీ ఆఖరి పది రోజులూ నీ మంచం పక్కనే కూర్చుని, నీకూ చెప్పలేకపోయాను.