గేటు దగ్గర తెల్ల కారు

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాశాను. అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. వేడి నీళ్ల కాపడం పెడుతున్నాను. మెట్లు ఎక్కుతోంది, దిగేటప్పుడు మాత్రం నన్ను తిడుతోంది. తిట్టే ఓపిక ఉందంటే బాగున్నట్టే. బాబాయి ఎలా ఉన్నాడని కూడా అడిగావు. ఆ సంగతి చివర్లో రాస్తాను. అది ముందే మొదలుపెడితే మిగతావి రాయలేను.

నువ్వు పంపిన పేపరు ముక్క చదివాను. ఆటగాళ్లకి ఏ ఊళ్లు మంచివో ఎవరో తీరిగ్గా కూర్చుని వరస పెట్టారు. మీ ఊరు పైనే ఉంది. పచ్చిక తివాచీలా ఉంటుందట, ఆట అయ్యాక ఐసు నీళ్ల తొట్టి ఉంటుందట, కాలు బెణికితే పిలవకుండానే డాక్టరు వస్తాడట, ఓడినా జనం చప్పట్లు కొడతారట. ఆఖరిది చదివి వినిపిస్తే అమ్మకి నవ్వాగలేదు. "ఓడినవాడికి చప్పట్లేంటే? వాళ్లకి ఆట తెలీదేమో పాపం" అంది.

మన ఊరు అందులో లేదు, ఉంటుందని నేనూ అనుకోలేదు. మన డ్రెస్సింగ్ రూములో కుళాయి తిప్పితే ముందు చప్పుడు వస్తుంది, తరవాత తుప్పు వస్తుంది, ఇంకా ఓపికుంటే నీళ్లు వస్తాయి. నువ్వు గోల్ పోగొట్టిన మర్నాడు మంగలి సగం గడ్డం గీసి, కత్తి పక్కన పెట్టి, నీకు పాఠం చెప్పేవాడు. "నువ్వే చెప్పక్కా, ఆటగాడికి ఏ ఊరు మంచిది?" అని రాశావు. నీకోసం పనులు మానుకుని వచ్చి, బాగా ఆడకపోతే మొహం మీదే కడిగేసే ఊరు మంచిదని నేను అనుకునేదాన్ని. ఇప్పుడు నన్నడిగితే నాకేమీ తెలీదు.

నువ్వు వెళ్లినందుకు నాకు కోపం లేదు. పెద్ద టీము పిలిస్తే ఎవరైనా వెళ్తారు. నీ పెట్టె సర్దింది నేనే. కొంతమంది మూతి ముడుచుకుంటే "మీ ఇంటి పిల్లాడైతే ఆపేవారా?" అని నోరు మూయించిందీ నేనే. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

రేకుల గ్యాలరీ గురించి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, ఈరోజు చెప్పాలనిపిస్తోంది. ఆ చెక్కలన్నీ నాన్న కొట్టినవి. మనిద్దరం మేకులు అందించాం. నువ్వు మధ్యలో సుత్తి లాక్కుని నీ బొటనవేలే చితక్కొట్టుకున్నావు. ఆ చెక్కల మీద జనం అంతా ఒకేసారి కాళ్లతో తొక్కితే పైన రేకులు కూడా అందుకుంటాయి. గ్యాలరీకి ఆనుకున్న ఆ గోల్ ముందు బంతి పెట్టుకున్నవాడికి కాళ్లు వణుకుతాయి. ఒకేసారి తొక్కడమే అందులో కిటుకు. ఎవరికి వాళ్లు తొక్కితే వాన పడ్డట్టుంటుంది, అంతే.

అందరూ ఒకేసారి తొక్కే ఉపాయం కనిపెట్టింది నువ్వే. నేను గ్రౌండులో మైకు పనిలో కొత్తగా చేరిన రోజులు, నువ్వింకా టీములోకి రాలేదు. అవతలివాళ్లకి పెనాల్టీ వచ్చింది. నువ్వు రొప్పుకుంటూ నా గదిలోకి వచ్చి "అక్కా, గేటు దగ్గర తెల్ల కారు అడ్డంగా ఉందని చెప్పు. చెప్పగానే మేమంతా తొక్కేస్తాం" అన్నావు. చెప్పాను. వాడు కొట్టిన బంతి రేకుల మీదుగా రోడ్డు మీద పడింది. అప్పటినుంచి అదే మన పద్ధతి. అవతలివాడు బంతి పెట్టుకుని వెనక్కి నడవగానే నేను మర్యాదగా "గేటు దగ్గర అడ్డంగా నిలిపిన తెల్ల కారు గలవారు దయచేసి తీయవలెను" అంటాను. జనం రేకులు ఊడొచ్చేట్టు తొక్కుతారు. అసలు ఆ సందులో కారు పడుతుందా? ఒక రిఫరీ అయితే పాపం, తన కారేమోనని కంగారుపడి మనిషిని పంపించాడు. ఇంత ఊరూ నోరు కుట్టేసుకుని దాచిన రహస్యం అది.

ఇక మొన్న మీ టీముతో మన గ్రౌండులో జరిగిన ఆట. మనవాళ్లు ఓడకుండా ఉంటే పై డివిజన్‌లో నిలబడతారు, ఓడితే కిందికి పోతారు. మీవాళ్లకి దాంతో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ముందురోజు నువ్వు ఇంటికొచ్చి అన్నం తింటూ "తెల్ల కారు ఇంకా ఉందా అక్కా?" అని నవ్వావు. "ఉంది. నువ్వొచ్చినా చెప్తాను, చూసుకో" అన్నాను. ఇద్దరం పొలమారేట్టు నవ్వుకున్నాం.

ఆటలో మీవాళ్లు విజిల్ కొట్టినా ఆగకుండా పోతుంటే పెద్ద ఊరి పొగరనుకున్నాను. ఒకరినొకరు పిలుచుకోకుండా చేతులు ఊపుకుంటుంటే ఇదేదో కొత్త రకం ఆటేమో అనుకున్నాను. కాసేపట్లో ఆట అయిపోతుందనగా మీకు పెనాల్టీ వచ్చింది. బంతి పట్టుకుని వచ్చింది నువ్వు. గ్యాలరీ మొత్తం నా గది వైపు తిరిగింది. నువ్వూ చూశావు. చూసి, చెవి మీద చెయ్యి వేసుకున్నావు. తెల్ల కారు మాట మైకులో రాలేదు. అక్కడొకరు ఇక్కడొకరు తొక్కారు. నువ్వు గోల్ కొట్టావు, మనవాళ్లు కిందికి పోయారు. మైకు మొరాయించిందని ఊరంతా అనుకుంది.

మర్నాడు డ్రెస్సింగ్ రూములు ఊడ్చే అత్త మీవాళ్ల గది ఊడ్చిన చేటతో నా దగ్గరికి వచ్చింది. "ఆటగాళ్లా, చెవిపోటు రోగులా వీళ్లు? ఎక్కడ చూసినా దూది ఉండలే!" అంది. పక్కనే ఉన్న వాచ్‌మన్ అందుకున్నాడు. "బస్సు దిగుతూ వాళ్ల గోల్ కీపర్, ఏదయ్యా మీ తెల్ల కారు అని అడిగి ఒకటే నవ్వు. వాళ్లకెవరు చెప్పారమ్మా?" అన్నాడు. అని, నా మొహం చూసి తల దించుకున్నాడు. అత్త కూడా చేట తీసుకుని వెళ్లిపోయింది.

నమ్మించి గొంతు కోశావురా. "నేను కనిపెట్టిందే కదా" అంటావేమో. కనిపెట్టింది నువ్వే, దాచింది మాత్రం మేమందరం. నాన్న చెక్కల సంగతి నీ బస్సులో నవ్వులాటకి పనికొచ్చింది. మనింట్లో కూర్చుని, నా చేతి అన్నం తింటూ, కారు ఇంకా ఉందో లేదో ఆరా తీశావు. నేనేమో మా తమ్ముడికి ఇంకా గుర్తుందని మురిసిపోయాను. గోల్ కొట్టినందుకు కాదు, ఆ మురిపెం తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతోంది.

ఇప్పుడు బాబాయి సంగతి. మైకులు, వైర్లు చూసేది ఆయనే కదా. కమిటీవాళ్లు పిలిచి నిలదీశారు. ఆయన "పాత వైరు, చూసుకోలేదు, తప్పు నాదే" అన్నాడట. ఇక గ్రౌండులో అడుగు పెట్టొద్దన్నారు. ఇంటికొచ్చి స్క్రూడ్రైవర్లు గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకుంటూ, నా వైపు చూడకుండానే "ఎంతైనా తమ్ముడు కదమ్మా" అన్నాడు. అంటే ఆయనకి మొదటినుంచీ తెలుసు.

నువ్వు ఉత్తరంలో అడిగావు, "మైకు పాడైందా అక్కా?" అని. పాడవలేదు. ఈ చేత్తో నేనే స్విచ్ ఆపేశాను. చిన్నప్పుడు తప్పు చేసి వచ్చినప్పుడల్లా చెవి పట్టుకుని "ఈ ఒక్కసారికి అక్కా" అనేవాడివి. ఆరోజు అంత జనంలో నువ్వు చెవి మీద చెయ్యి వేసుకుంటే, నన్నే బతిమాలుతున్నావనుకున్నాను. ఊరు ఓడిపోతుందని తెలిసి కూడా ఆపేశాను. దూది జారకుండా నొక్కుకుంటున్నావని నాకేం తెలుసు?

ఈ ఉత్తరం డబ్బాలో వేసి అటునుంచి అటే కమిటీ గదికి వెళ్తున్నాను. స్విచ్ సంగతి చెప్పేస్తాను. మైకు లాక్కుంటారు, లాక్కోనీ. బాబాయి మళ్లీ ఆ గేటు లోపలికి తలెత్తుకుని రావాలి. దూది సంగతి నేను చెప్పను. అది నువ్వొచ్చి అమ్మకి చెప్పాల్సిన మాట.

కప్పు ఆటల్లో ఎప్పుడో ఒకప్పుడు మీకు మా గ్రౌండు పడకపోదు. ఆరోజు మైకు ముందు ఎవరుంటారో, తెల్ల కారు మాట ఉంటుందో ఉండదో తెలీదు. నేను మాత్రం రేకుల గ్యాలరీలో, నువ్వు వేలు చితక్కొట్టుకున్న చెక్క మీద నిలబడతాను. నాన్న పనికి వేసుకెళ్లిన బూట్లు అమ్మ దాచి ఉంచింది, అవి వేసుకొస్తాను. నువ్వు బంతి పెట్టుకుని వెనక్కి నడిచేటప్పుడు తొక్కుతాను, ఎవరు తొక్కినా తొక్కకపోయినా. ఆరోజు చెవుల్లో దూది పెట్టుకోకు. ఎవరి కాళ్ల చప్పుడో నీకు తెలియాలి.

ఇట్లు,
ఇంకా నీ అక్కనే