ఆట ఆపి అడిగిన మాట

18 నవంబరు 2024

ఈశ్వర్ బావకి,

నమస్కారాలతో తులసి రాసేది. అత్త బాగుంది, మోకాలి నొప్పి తగ్గింది. నేనూ బాగానే ఉన్నాను. ఆ గుజరాత్ వేరావల్‌లో నువ్వూ, నీ బోటూ, తోటివాళ్ళూ చల్లగా ఉండాలని గంగమ్మ తల్లికి మొక్కుతున్నాను. ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా సముద్రంలో సిగ్నల్ లేదంటావు. నువ్వు ఇంటి మొహం చూసి రెండేళ్ళు. అందుకే సోములు మావ అక్కడికే వస్తుంటే ఈ ఉత్తరం చేతికిచ్చి పంపుతున్నాను. మడిచి జేబులో పెట్టుకోకు, చదువు.

పోయిన నెల విజయనగరం నుంచి నాటకం వాళ్ళు మన ఊరొచ్చారు. స్టేజీ లేదు, తెర లేదు, మొహానికి రంగు కూడా లేదు. వలలు బాగుచేసే షెడ్డు ముందు ఇసకలో నిలబడి మొదలెట్టేశారు. మొగుడు చేపల వేటకని గుజరాత్ పోతాడు, తిరిగి రాడు, పెళ్ళాం ఎదురుచూస్తుంది. అంతే కథ. ఇంట్లో రోజూ ఉన్న భాగోతమే కదా అని నీ నేస్తం నాగబాబు లేచిపోబోయాడు. నాకూ కాళ్ళు నిలవలేదు.

అప్పుడు పెళ్ళాం వేషం వేసిన అనూరాధ ఆట ఆపేసి మా వైపు తిరిగింది. మాకు తెలిసింది ఇంతే, ఇప్పుడీ మనిషి ఏం చెయ్యాలో మీరు చెప్పండి, చెప్పిందే ఆడతాం అంది. ఇక చూడాలి. ఎదురింటి కుమారి, గుజరాత్ పోయి వాడి కాలర్ పట్టుకోమంది. వాళ్ళు అప్పటికప్పుడు అదే ఆడారు. మొగుడు వేషం వేసిన నరేష్ ఇసకలో పడి బతిమాలుతుంటే నవ్వలేక చచ్చాం. అలా కాదని నాగబాబు లేచాడు, మళ్ళీ ఆడారు. అంతకుముందు ఆవలించినవాళ్ళే ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు పడి నాటకం నడిపించారు. ఎవరో రాసిన కథైతే చూసి దులుపుకుని పోతాం. మనమన్న మాట మన కళ్ళముందే నడుస్తుంటే పొయ్యి మీద పెట్టింది కూడా గుర్తుండదు బావా.

చివరికి అత్త లేచింది. ఏ నాటకమైనా సగంలో కునుకు తీసే మనిషి. నా వైపు చూడకుండా అనూరాధతో అంది. "ఆడు నా కొడుకే అనుకుని సెప్తన్నాను. ఎదురుసూసింది సాల్లే. ఎల్లిపో తల్లీ."

ఆ మాటకి ఎవరూ ఈల వెయ్యలేదు.

మరి మొగుడి తరఫున జవాబెవరు చెప్తారని అనూరాధ అడిగింది. మగవాళ్ళంతా తలలు దించుకున్నారు. నేనే లేచాను. నరేష్ తువ్వాలు భుజాన వేసుకుని నీలా నిలబడ్డాను. ఎందుకు రాలేదని అడిగింది. నీ నడక, నీ దగ్గు, నువ్వు మెడ గోక్కునే తీరు అన్నీ నాకు వచ్చు. నీ జవాబు మాత్రం రాలేదు. జనం కాచుకుని ఉండగానే నరేష్ తువ్వాలు నరేష్‌కి ఇచ్చేశాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో. అబద్ధమైనా సరే, ఒక్క మాట నా దగ్గర వదిలి వెళ్ళి ఉంటే అది చెప్పేదాన్ని.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. అన్నం మాడ్చాను. చేపల తట్ట దించి, బేరం కాకుండానే మళ్ళీ ఎత్తుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఎందుకొచ్చానో మరిచిపోయాను. కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటని అత్త తిట్టింది.

ఇట్లు,
నీ మాట కోసం చూస్తున్న
తులసి

తా.క.: తేదీ పక్కన ఊరి పేరు వెయ్యలేదు, గమనించావో లేదో. ఇది ఇంటి దగ్గర రాసింది కాదు. విజయనగరంలో అనూరాధ వాళ్ళ గదిలో ఉన్నాను. అత్తే బస్సెక్కించింది. ఇప్పుడు పెళ్ళాం వేషం నాది, ఆట ఆపి అడిగేదీ నేనే. గజపతినగరంలో రైతులు ఉండిపొమ్మన్నారు. చీపురుపల్లిలో ఆడవాళ్ళు వెళ్ళిపొమ్మన్నారు. రెండూ ఆడాను, రెండింటికీ ఈలలే. వచ్చే పౌర్ణమికి మళ్ళీ మన షెడ్డు ముందే ఆట. వచ్చి జనంలో కూర్చో. నేను అడిగినప్పుడు నోరు తెరిచి చెప్పు, ఏం చెప్పినా అదే ఆడతాను. నువ్వు రాకపోతే అత్త చెప్పింది ఆడి, ఇంటివైపు తిరగకుండా వాళ్ళ వ్యానెక్కుతాను.