తొట్టి మీది తాడు

మార్చి 3
మా షెడ్డులో గ్యాస్ సిలిండర్లను ఒక్కొక్కటిగా నీళ్ళ తొట్టిలో ముంచడం నా పని. బుడగలొస్తే లీకు, పక్కన పెట్టేస్తాను. తొట్టి మీద ఎర్ర తాడు వేలాడుతుంది. లాగితే లైన్ మొత్తం ఆగాలి. ఎవరూ లాగరు. తడి గ్లౌజులు ఆరేసుకుంటాం.

ఇవాళ సూపర్‌వైజర్ వచ్చి, ఆర్డర్ అందేలా లేదు, సగం ముంచకుండానే వదిలెయ్యమన్నాడు. తలూపాను. మొద్దులా తలూపాను. ముంచనివి యార్డులో పేరుస్తున్నారు. వచ్చే బుధవారం లారీ ఎక్కుతాయి. ఆ తర్వాత ఎవరి వంటింట్లోకో.

మార్చి 4
రాత్రి హాయిగా నిద్రపట్టింది. అదీ నా మంట.

మార్చి 6
పోయిన నెల లీవ్ కోసం సూపర్‌వైజర్‌కి ఎదురు చెప్పిన రోజు తెల్లార్లూ దొర్లాను. ఇంత ఘోరం చేసి గుర్రు పెట్టాను. నా మనస్సాక్షికి బుద్ధుందా?

పాత పుస్తకాల బండి మీద కొన్న సైకాలజీ పుస్తకం మళ్ళీ తీశాను. లోపల తప్పొప్పులు చెప్పే సూపర్ ఈగో పుట్టుకతో రాదట. చిన్నప్పుడు మనల్ని అదిలించిన గొంతులే లోపలికొచ్చి జడ్జీలా కుర్చీ వేసుక్కూర్చుంటాయట. ఇంకో పాఠంలో ఒక డాక్టరు, భయం నేర్పిన మనస్సాక్షి వేరు, మనదైన మనస్సాక్షి వేరు అంటాడు. మరి నా లోపల కుర్చీలో ఉన్నదెవరు?

మార్చి 8
నాన్న కూడా ఆ తొట్టి దగ్గరే రిటైరయ్యాడు. తాడు ఎప్పుడైనా లాగావా అని అడిగాను. దగ్గి, "మనకెందుకే అమ్మా" అన్నాడు.

దొరికాడు జడ్జీ. దగ్గుతో సహా.

మార్చి 11, బుధవారం మధ్యాహ్నం
లాగాను.

గ్లౌజులన్నీ టపటపా తొట్టిలో పడ్డాయి. లైన్ ఆగింది. దొంగతనం చేసినదానిలా చుట్టూ చూశాను. నా లోపల నాన్న దగ్గు వినిపించింది. దగ్గనీ అనుకున్నాను.

సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. అందరి ఓవర్‌టైమూ పోగొడుతున్నానట, నాకు మనస్సాక్షి లేదా అట.

"ఉంది సార్. ఇన్నాళ్ళూ మా నాన్న పేరు మీద ఉండేది. ఇవాళ నా పేరుకి మార్పించుకున్నా."

ఫిట్టరన్న పగలబడి నవ్వాడు. నవ్వుతూనే యార్డులోంచి ముంచని సిలిండరొకటి భుజానేసుకొచ్చి తొట్టిలో దించాడు. బుడబుడమని బుడగలు. షెడ్డంతా చూసింది. చూశాక లారీ ఎవడెక్కిస్తాడు? లోడర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సూపర్‌వైజర్ గొణుక్కుంటూ, అన్నీ వెనక్కి తెచ్చి ముంచమన్నాడు. అన్నీ. గెలిచాను. చేతులు నాని ముడతలు పడ్డాయి, అయినా గెలిచాను.

మార్చి 12
తాడు మీద గ్లౌజుల్లేవు. ఎవరో కిటికీకి ఆరేశారు.

నాన్న అంతా విన్నాడు. తాడు బిగుసుకుపోయి ఉందా అని అడిగాడు. చిటికెన వేలు చాలన్నాను. చెయ్యి పైకెత్తి, గాల్లోనే ఒకసారి లాగి చూసుకున్నాడు.

దగ్గలేదు.