పుట్టిలో నా వైపు

బావా,

ఎలా ఉన్నావని అడగను... నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఇక్కడ అందరం తింటున్నాం, పడుకుంటున్నాం. మీ అమ్మ మాత్రం చేపల కూర ముట్టడం లేదు.

కృష్ణలో నీళ్లు బాగా తగ్గాయి. కొల్లాపూర్ అంగడికి ఇప్పుడు చేపలు నేనే తీసుకుపోతున్నాను. అక్కడ నీ మాట వస్తే చాలు, అన్నేళ్లు ఏట్లో తెడ్డేసి పుట్టి నడిపినవాడు బతికున్న వాలుగ చేపను లోపలికి లాగబోయి మునిగాడట, అంత ఆత్రం ఎందుకట అంటారు. విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. నువ్వా? ఆత్రమా?

"ఎంత పెద్ద చేపైనా ముందుగాల అలసిపోనియ్యాలె. తలకాయ మీద ఒక్కటియ్యాలె. మొప్పల నుంచి తాడు దూర్చి పుట్టికి బయటనే కట్టాలె. లోపలికి తెస్తే మనల్నే బయటేస్తది" అనేవాడివి. పెళ్లయిన కొత్తలో నన్ను పుట్టి ఎక్కించినప్పుడు నాకు చెప్పింది ఇంకొకటి. "నువ్వు ఎదురుంగ కూసో. చేపను నేను చూసుకుంట. ఏమన్న గానీ, నీ జాగ ఇడవకు." గుండ్రటి పుట్టి కదా, ఇద్దరూ ఒకే వైపు ఒరిగితే ఇంకేముంటుంది?

ఆ పొద్దున నువ్వు వంగి మొప్పలో తాడు దూరుస్తున్నావు. నిలబెడితే నా నడుము దాకా వచ్చే వాలుగ. అంత చేపను నేనెప్పుడూ చూడలేదు బావా... జారిపోతుందేమోనని తెడ్డు వదిలేసి నీ పక్కకు వచ్చాను. అంతే. బోర్లాపడ్డ పుట్టి మీదికి నన్ను తోశావు. నీ కాళ్లకు వల చుట్టుకుందని నాకు తెలియలేదు. తెలిస్తే మాత్రం ఏం చేసేదాన్ని?

నీ నెల మాసికం నాడు అందరి ముందూ చెప్పేశాను, తప్పు నాదేనని. ఎవరూ నమ్మలేదు. మొగుడి పేరు నిలబెట్టాలని నా మీద వేసుకుంటున్నానట. మీ అమ్మ నా తల నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నీ చోట నేను కూర్చుంటున్నాను. నా చోట బరువుకు ఇసుక సంచి పెట్టాను. అది నాకంటే నయం, కదలదు.

మొన్న వలలో మళ్లీ పెద్ద వాలుగ పడింది. ఒక్కదాన్నే ఉన్నాను. కొట్టుకున్నంతసేపు కొట్టుకోనిచ్చాను. తలమీద ఒకటిచ్చి, తాడు దూర్చి బయటే కట్టాను. ఒడ్డుకు ఈడ్చుకొచ్చేసరికి అరచేతులు చీరుకుపోయాయి. నలుగురూ చుట్టూ చేరి మెచ్చుకున్నారు. మొగుడు చేసిన తప్పు చూసి బాగా నేర్చుకుందన్నారు.

నిజం మళ్లీ చెప్పాను. పాపం అన్నట్టు చూశారు...

రేపూ చెబుతాను బావా. ఎవరూ నమ్మరు, తెలుసు. అయినా బతికున్నన్నాళ్లూ చెబుతూనే ఉంటాను.

నీ లచ్చిమి