ఆడవాళ్ళ వైపు ఫోటో

ఎమ్మిగనూరు

అనిల్ గారికి నమస్కారం.

మీ పత్రికలో నా పెళ్ళి ఫోటోల గురించి రాయడానికి నాతో మాట్లాడినప్పుడు, ఆదోని పెళ్ళిలో గోరింట పెట్టుకుంటూ నవ్వుతున్న ఆడవాళ్ళ ఫోటో చూసి, “మీ ముందు ఇంత చనువుగా ఎలా నవ్వారు?” అని అడిగారు. ఇరవై ఏళ్ళ అలవాటు అన్నాను. అది అబద్ధం. మా ముస్లింల పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపుకు మగవాళ్ళు పోకూడదు. ఆ ఫోటో తీసింది నా భార్య మహజబీన్. నేను బయట ఉన్నాను.

ఫోటో అచ్చు వేయడానికి అనుమతి అడిగేందుకు మొన్న ఆ ఇంటికి పోయాను. పెళ్ళికూతురి జేజి ఒప్పుకోలేదు.

“నువ్వు తీసినావని రాస్తే నువ్వు లోపలికొచ్చినట్టే కదప్పా? మా మర్యాద ఏం గావాల? తీసింది నీ భార్య, ఆయమ్మ పేరు రాయమను. ఆ పొద్దు ఆయమ్మ ఫోటో తీస్తా, ‘మా ఆయన బయట బిర్యానీ గిన్నెలకు ఫోటోలు తీస్తాండాడు’ అనింది. దానికే మేమంతా నవ్వినాము.”

మహజబీన్ పోయి రెండేళ్ళయింది. ఆ మాట నాకు మొన్నటిదాకా తెలియదు.

ఆమె లేనందున ఇప్పుడు పెళ్ళిళ్ళకు ఫోటోలు తీయడానికి నన్ను పిలవడం లేదు. అదీ మీకు చెప్పలేదు.

అచ్చుకు పోకముందే ఫోటో కింద ఆమె పేరు వేయండి. అప్పుడు నా గురించి రాయడానికి ఏమీ మిగలకపోతే, రాయకండి.

ఇట్లు,
స్టేషన్ రోడ్డు స్టూడియో నుంచి