సబ్‌మెరైన్ మూత దగ్గర బావ

శనివారం రాత్రి, నార్త్ కరొలినా, మోటెల్ రూమ్

నేనూ బావా స్కూబా డైవింగ్‌కి ఇక్కడికి వచ్చాం.

పొద్దున బోట్ మీద కెప్టెన్, మేం చూడబోయే, సముద్రం అడుగునున్న జర్మన్ సబ్‌మెరైన్ కథంతా చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ తీరం దాకా వచ్చింది గానీ ఒక్క ఓడని కూడా ముంచలేకపోయిందట. చివరికి ఒక గస్తీ ఓడ మీదికి టార్పెడో వదిలితే గురి తప్పి పేలింది. ఆ పేలుడుతోనే అదెక్కడుందో తెలిసిపోయి, గస్తీ ఓడ బాంబులు వేసి ముంచేసింది. కొంతమంది సముద్రంలోకి దూకి బతికారు. మిగతావాళ్లు ఇంకా లోపలే ఉన్నారు.

"అది సమాధి. లోపలికి మాత్రం వెళ్లొద్దు" అన్నాడు కెప్టెన్. బావ బుద్ధిగా తలూపాడు.

కిందికి దిగాక బావ, సబ్‌మెరైన్ పైన తెరిచి ఉన్న మూతలోంచి నడుము దాకా దూరాడు. క్షణంలో బురద లేచి ఏమీ కనబడలేదు. చేతికి తగిలిన కాలు పట్టుకుని నేను లాగితే రాలేదు. ఆయన వీపు మీది గాలి ట్యాంక్ ఎక్కడో ఇరుక్కుంది. కాస్త లోపలికే తోసి, పక్కకి తిప్పి లాగాక వచ్చాడు.

పైకొచ్చాక "అక్కకి చెప్పకురా" అన్నాడు. సాయంత్రం అక్క టెక్సాస్‌లోని కాపెల్ నుంచి, ఇంటి నుంచే, ఫోన్ చేస్తే "బాగానే జరిగిందే" అన్నాను.

ఫోన్ పెట్టగానే బావ, "రేపు పెద్ద టార్చ్ తీసుకెళ్దాం" అన్నాడు.

బయటికెళ్లి కెప్టెన్‌కి కాల్ చేసి, రేపటి డైవ్ ఇద్దరికీ క్యాన్సిల్ చేయించాను. లోపలికొచ్చి ఆ సంగతి బావకి చెప్పాను. పక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదు. కోపంగా తీస్తున్న ఊపిరి నాకు వినబడుతూనే ఉంది.

వినబడనీ…