మూడో పేరు కోసం సంతకాలు

సన్నీవేల్,
ఆగస్టు 5, 1980, మంగళవారం.

శ్రీవారికి భానుమతి నమస్కరించి రాయునది,

నేనూ ఉషా ఇక్కడ నిక్షేపంలా ఉన్నాం. ఆ చమురు బావుల దగ్గర మీరు వేళకి తింటూ, వెచ్చగా ఉంటున్నారని తలుస్తాను. ఆగస్టులో కూడా స్వెట్టర్ తీయడం లేదని రాస్తే ఉషా నమ్మలేదు. అలాస్కా ఎక్కడుందో మ్యాప్‌లో చూపించాక నమ్మింది.

మీ ఉత్తరం శుక్రవారం అందింది. కారు బాగానే ఉంది, రేడియేటర్‌లో నీళ్లు నేనే చూసుకుంటున్నాను. ఉషా స్విమ్మింగ్‌లో రెండో క్లాస్‌కి వెళ్లింది. కందిపొడి నిన్ననే కొట్టాను, పార్సిల్ రేపు బుక్ చేస్తాను. ఇక అసలు విషయం. నవంబర్ ఎన్నికలకి మీరు రాలేరు కాబట్టి, పోస్ట్‌లో వేసే బ్యాలెట్లు ఇద్దరికీ తెప్పించి రెండూ మీకు పంపమన్నారు. మీరే నింపి నాది నాకు పంపుతారనీ, నేను సంతకం పెట్టి పోస్ట్ చేస్తే చాలనీ రాశారు. దీనికి జవాబు రాయాలంటే కొంచెం భయంగా ఉంది. ముందు నా కబుర్లు వినండి. ఇవి చెబితేగానీ నాకు అన్నం సహించేట్టు లేదు.

నేను నెలరోజులుగా ఎన్నికల పని చేస్తున్నానండీ. నవ్వకండి. మా ల్యాబ్‌లో డోరతీ ఉంది కదా, మన సిటిజెన్‌షిప్ రోజున కేక్ తెచ్చినావిడ, ఆవిడే ఈ పనిలోకి దింపింది. ప్రెసిడెంట్ పదవికి రెండు పార్టీల్లోనూ చేరకుండా ఇండిపెండెంట్‌గా నిలబడ్డాయన పేరు కాలిఫోర్నియా బ్యాలెట్‌లో ఎక్కాలంటే లక్షకు పైగా ఓటర్ల సంతకాలు కావాలట. ఆ రెండు పార్టీల వాళ్లకి ఈ బాధ లేదు. వాళ్ల పేర్లు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. అది విన్నాక నాకు ఒళ్లు మండింది. గడువు ఈ శుక్రవారమే.

మొదటిరోజు షాపింగ్ సెంటర్ ముందు క్లిప్‌బోర్డ్ పట్టుకుని నిలబడ్డాను. చీర కట్టుకున్న మనిషి ఏదో అమ్ముతోందనుకుని పక్కనుంచి తప్పుకుపోయారు. గంటయ్యాక ఒక ముసలాయన ఆగి, "నువ్వు ఓటరువేనా?" అన్నాడు. పర్సులోంచి కార్డ్ తీసి చూపించాను. ఆయన నవ్వి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రానికి ఇరవై మూడు. ఇంటికి డ్రైవ్ చేసేటప్పుడు కార్‌లో ఒక్కదాన్నే పాడుకున్నాను.

మీరేమంటారో తెలుసు. మూడోవాడికి వేస్తే ఓటు గోతిలో వేసినట్టే అంటారు. మన దేశంలో డెబ్బై ఏడులో అందరూ కలిసి గద్దెనెక్కి, మూడేళ్లు తిరక్కుండానే విడిపోయారు చూడు అంటారు. కాదనను. ఈయన గెలుస్తాడని నేనూ అనుకోవడం లేదు. కానీ పెట్రోల్ కోసం లైన్లో నిలబడినవాళ్లూ, ఇరాన్‌లో బందీల గురించి బెంగపడేవాళ్లూ నాతో ఒకటే మాట అన్నారు, ఇద్దరిలో ఎవరు తక్కువ చెడ్డో చూసి వేస్తున్నామని. ఒకరోజు ఒక డెమొక్రాట్ పెద్దమనిషి మా ఓట్లు చీలుస్తున్నావని కోప్పడ్డాడు. పది నిమిషాలకి ఒక రిపబ్లికన్ ఆవిడ వచ్చి అచ్చం అదే మాట అంది. ఎవరి ఓటు ఎవరిదని వీళ్లు ముందే రాసి పెట్టుకున్నారో నాకు అర్థం కాలేదు.

ఇక మొన్న శనివారం సంగతి. నరసింహగారింట్లో పాట్‌లక్. అందరూ తలొక వంటకం తెస్తే, నేను పులిహోరతోపాటు క్లిప్‌బోర్డ్ కూడా పట్టుకెళ్లాను. అక్కడున్నవాళ్లలో చాలామందివి ఇంకా గ్రీన్ కార్డులే. ఓటున్నవాళ్లు ఆరుగురు తేలారు. నరసింహగారు ముందు తన పేరు రాసి సంతకం పెట్టారు. ఆ చేత్తోనే కింది వరసలో భార్య పేరు "రాధారాణి" అని రాసి ఆవిడ సంతకమూ ఆయనే పెట్టేశారు. రాధారాణి వంటింట్లో గారెలు వేయిస్తోంది. మన ఇళ్లలో మామూలేగా అనుకుని నేను కిక్కురుమనలేదు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఇప్పుడు రాయబోయేది చదివి మీరు ఏమనుకున్నా సరే. ఆ కింది ఖాళీ వరసలో నేను మీ పేరు రాసి, మీ సంతకం పెట్టాను. ఉషా స్కూల్ కాగితాల మీద పెడతానే, అలాగే. చెయ్యి తడబడలేదు కూడా. ఇంకొక సంతకం పెరిగిందని సంతోషమే వేసింది.

ఆదివారం పొద్దున కాగితాలు ఇవ్వడానికి వెళ్తే డోరతీ పేజీ అడుగున చూపించి, ఇక్కడ నీ సంతకం పెట్టు అంది. పైన ఉన్నవన్నీ ఎవరివి వాళ్లే నా కళ్లముందు పెట్టారని ప్రమాణం చేస్తున్నట్టు అక్కడ అచ్చేసి ఉంది. ముందు పేజీల కింద ఎన్నిసార్లు పెట్టానో. ఈసారి పెన్ను కదల్లేదు. మీ పేరే కనిపిస్తోంది. చివరికి డోరతీకి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. "మీ ఆయన ఇష్టపడి పెట్టమన్నాడా?" అంది.

"అడగలేదు," అన్నాను.

"అడిగితే పెట్టేవాడా?"

"పెట్టేవారు కాదు."

ఇంకేమీ అడగకుండా రూలర్ తెచ్చి రెండు వరసలూ కొట్టేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ ఎండలో నిలబడి జనానికి నేను చెప్పిందేమిటి, చేసిందేమిటి.

కనీసం రాధారాణి సంతకమైనా సరిగ్గా పెట్టిద్దామని నిన్న ఆఫీస్ నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. జరిగింది చెబితే ఆవిడ నిదానంగా విని, "నేను పెట్టను వదినా," అంది. నేను తెల్లబోయాను. ఆవిడకి ఇప్పుడున్న ప్రెసిడెంట్ అంటేనే నమ్మకమట. బందీల విషయంలో ఆయన యుద్ధానికి దిగకుండా ఓపిక పట్టాడని, రోజూ టీవీలో వార్తలు చూసి తనే నిర్ణయించుకుందట. "మరి ఇన్నాళ్లూ ఎప్పుడూ అనలేదేం?" అన్నాను. "ఎవరడిగారు వదినా?" అంది. తర్వాత కాఫీ ఇచ్చింది. ఇద్దరం గంటసేపు వాదించుకున్నాం. ఆవిడ అంత మాటకారి అని నాకు తెలీదు. సంతకం రాలేదు గానీ, ఆ గంట ఎంత బావుందో మీకు చెప్పలేను.

ఇంటికొచ్చి మీ ఉత్తరం మళ్లీ తీశాను. మీకు చెప్పకుండా మీ పేరు వాడుకోవడం నాదే తప్పు, క్షమించండి. ఇంకెప్పుడూ చేయను. మీరు అడిగిందీ అలాంటిదేనండీ. ఇందులో దురుద్దేశం లేదని నాకు తెలుసు. ఇల్లు కొన్నప్పుడూ, టాక్స్ కాగితాలప్పుడూ ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను, చదవలేదు. మీరు చదవొద్దనలేదు, నేనే అడగలేదు. ఈ దేశానికి రెండు పార్టీలు చాలవని ఊరంతా తిరిగి చెప్పి వచ్చానా, మనింట్లో ఈ పన్నెండేళ్లుగా ఉన్నది ఒక్క పార్టీయే.

కాబట్టి బ్యాలెట్ కోసం కౌంటీ ఎన్నికల ఆఫీస్‌కి ఎలా రాయాలో, ఎప్పుడు రాయాలో విడి కాగితం మీద రాసి ఈ కవర్‌లో పెట్టాను. అది మీ ఒక్కరికే. కింద సంతకం మీరే పెట్టాలి. మీరు ఎవరికి వేస్తారో నేను అడగను. చెబితే మాత్రం వాదిస్తాను.

నా బ్యాలెట్ మీ దగ్గరికి రాదు. నవంబర్ నాలుగున నేనే వెళ్లి వేసి వస్తాను.

ఇట్లు,
మీ భార్య,
భానుమతి